పెళ్లిగుర్రానికి మత్తుసూది

1937 చలికాలం. దబీర్‌పురా రైల్వే స్టేషనుకు కాస్త ఇవతల, చార్మినారు పాతబస్తీలో, ఒక చిన్న పశువుల దవాఖాన ఉండేది. నేను అందులో డాక్టరుని. రెండు గదులు, ఒక వరండా, వెనకాల ఇసుక పోసిన ఆవరణ, అందులో ఒక వేపచెట్టు. సిబ్బంది అంటే నేనూ, కాంపౌండర్ కరీం భాయీ. టాంగా గుర్రాలు, పాలవాళ్ల బర్రెలు, బండెడ్లు, అప్పుడప్పుడు నవాబుల దేవిడీల నుంచి వచ్చే బొచ్చుకుక్కలు మా పేషెంట్లు. బస్తీలో నన్ను ‘ఘోడా డాక్టర్’, అంటే గుర్రాల డాక్టర్, అనేవాళ్లు. అందులో గౌరవమే తప్ప వెటకారం లేదు. వెటకారమంతా మా ఇంట్లోనే ఉండేది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి. అమ్మ ఎవరితో మాట్లాడినా ‘మా అబ్బాయి డాక్టరు’ అని అక్కడితో ఆపేసేది. పేషెంట్లు ఎవరో చెప్పేది కాదు. అవతలివాళ్లు ఆరా తీసి తెలుసుకున్నాక మళ్లీ మా గడప తొక్కేవాళ్లు కాదు.

ఈ వృత్తి సంగతి తెలియనివాళ్లకు ముందుగా కొంచెం చెప్పాలి. మనుషుల డాక్టరుకి ఒక సౌకర్యం ఉంది. ‘భయపడకండి, కదలకండి’ అని రోగికి చెప్పుకోవచ్చు. గుర్రానికి చెబితే వినదు. అందుకని పూర్వం నుంచీ చేస్తున్న పని ఏమిటంటే, కాళ్లకు తాళ్లు వేసి నలుగురైదుగురు లాగి గుర్రాన్ని పడగొట్టడం. దాన్ని కాస్టింగ్ అంటాం. పడ్డాక మూతికి తోలుసంచి లాంటిది తొడిగి, క్లోరోఫాం పోసిన దూది అందులో పెట్టి మత్తు ఎక్కించేవాళ్లం. ఊపిరి సలపక అది గింజుకునేది, మేం దాని మీద కూర్చునేవాళ్లం. ఇందులో వైద్యం కంటే కుస్తీ ఎక్కువ. ఆ పడటంలోనే నడుం విరిగిన గుర్రాలు ఉన్నాయి.

నేను చదువుకుని వచ్చేనాటికి మత్తును సూదితో నేరుగా నరంలోకి ఎక్కించే పద్ధతి మా చేతికి అందింది. మందు పేరు క్లోరల్ హైడ్రేట్. పటికబెల్లం పలుకుల్లా తెల్లగా మెరుస్తుంది, మూత తీస్తే ముక్కుపుటాలు అదిరిపోతాయి. దాన్ని మరగకాచి చల్లార్చిన నీళ్లలో కరిగించి, గాజు ఫ్లాస్కులో పోసి, రబ్బరు గొట్టం చివర సూది బిగించి, మెడ పక్కన ఉండే పెద్ద నరంలోకి, అంటే జుగులర్ వెయిన్‌లోకి, నెమ్మదిగా ఎక్కించాలి. సూది జారి మందు నరం బయట కారిందంటే అక్కడి కండ కుళ్లిపోతుంది. కాబట్టి మెడ కదలకూడదు. నిలబడ్డ గుర్రానికి ఎక్కిస్తే మత్తు పట్టగానే తూలిపోతుంది, అప్పుడు పక్కనున్నవాళ్లు ఒడుపుగా పట్టి నేలకు దించాలి. అప్పటికి కొన్ని టాంగా గుర్రాలకు నేనలా ఇచ్చి, అవి లేచి శుభ్రంగా బండి లాక్కుంటూ వెళ్లడం చూశాను. ఆ ఫ్లాస్కు మీద నాకు ఎంత ప్రేమంటే, కరీం భాయ్‌ని కూడా కడగనిచ్చేవాణ్ణి కాదు.

అలాంటి రోజుల్లో బిజిలీ వచ్చింది.

రంజాను వెళ్లి షవ్వాల్ నెల నడుస్తోంది. నెలరోజులు ఆగిన పెళ్లిళ్లన్నీ ఒక్కసారిగా ముంచుకొచ్చి, పాతబస్తీలో ఏ గల్లీలో చూసినా షామియానాలే. ఒక పొద్దున మొఘల్‌పురా నుంచి యాదగిరి అనే అతను తన తెల్ల ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. వెనకే అతని తల్లి లచ్చమ్మ. వాళ్లది పెళ్లి ఊరేగింపులకు, అంటే బరాత్‌లకు, గుర్రాన్ని తోలే ఇల్లు. తురకల పెళ్లయినా, హిందువుల పెళ్లయినా ఆ చుట్టుపక్కల పెళ్లికొడుకులందరూ ఎక్కేది ఆ గుర్రాన్నే. తోకకు గోరింటాకు రంగు, మెడలో నీలం పూసలు, కాళ్లకు గజ్జెలు. పేరు బిజిలీ. అంటే మెరుపు. అది పరుగెత్తగా నేను ఏనాడూ చూడలేదు. పెళ్లిగుర్రానికి పరుగు రాకపోవడమే అసలైన అర్హత.

“ఏంది యాదగిరీ, పెండ్లిళ్ల దినాలల్ల దవాఖానకు తోల్కొచ్చినవ్?” అన్నాడు కరీం భాయ్.

యాదగిరి గుర్రం ఎడమ ముంగాలు వెనక గుడ్డ తీసి చూపించాడు. జీను పట్టీ సరిగ్గా ఎక్కడ బిగుస్తుందో అక్కడ, జామకాయంత కంతి. పట్టీ ఒరుసుకుని పైన పుండు పడింది.

“బరాత్ అయినప్పుడల్లా నెత్తురు కారుతున్నది సార్” అన్నాడు. “పట్టీ బిగిస్తె దానికి నొప్పి, బిగియ్యకపోతె పెండ్లికొడుకు కిందపడ్తడు. వచ్చిన పెండ్లిళ్లన్ని వాపసు చేసిన. గిట్లనే ఉంటె ఇగ దాని పనీ అయిపోయె, మా పనీ అయిపోయె.”

కంతి కింద వేళ్లు పోనిచ్చి చూశాను. అటూ ఇటూ కదులుతోంది. చర్మానికే పట్టుకుని ఉంది, లోపల కండలోకి పోలేదు. “కోసేస్తే సరిపోతుంది. మాఘం పెళ్లిళ్లకు మళ్లీ జీను వేసుకోవచ్చు” అన్నాను.

అంతవరకూ వెనకాల నిలబడ్డ లచ్చమ్మ ముందుకు వచ్చింది. గట్టి మనిషి. నన్ను కిందినుంచి మీదికి చూసి, నా మీసం దగ్గర ఆగి, అది ఇంకా సరిగా రాలేదన్న సంగతి గమనించినట్టే ఉంది.

“కోసుడు సరే. పడగొడ్తరా దీన్ని?”

బిజిలీ తల్లి కూడా వాళ్లింటి గుర్రమేనట. ఎవరో ఊరూరా తిరిగే వైద్యుడు తాళ్లు వేసి పడగొడితే నడుం విరిగి, మళ్లీ లేవకుండానే పోయిందట. అప్పటికి బిజిలీ పాలు తాగే పిల్ల. లచ్చమ్మే బర్రెపాలు పట్టి పెంచింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు ఏమీ మారలేదు గానీ చెయ్యి మాత్రం వెళ్లి గుర్రం మెడ మీద పడింది.

“తాడు గిన ఏసేటట్టుంటె ఇప్పుడే చెప్పు డాక్టరూ, తోల్కపోత” అంది.

నేను నా ఫ్లాస్కు తెచ్చి చూపించి, గొట్టం చూపించి, సూది చూపించి, పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. తాడు లేదు, మూతికి సంచి లేదు, మత్తు పట్టగానే అదే మెల్లగా ఒరుగుతుంది, మేం పట్టి దించుతాం అన్నాను. లచ్చమ్మకు ‘ఒరుగుతుంది’ అన్న మాటే నచ్చలేదు.

యాదగిరి నవ్వాడు. “ఒరుగుడెందుకు సార్? కూసోమంటె కూసుంటది గద!”

అప్పుడు తెలిసింది. పెళ్లికొడుకుల్లో సగం మంది జన్మలో గుర్రం ఎక్కినవాళ్లు కారు. షేర్వాణీ కాళ్లకు అడ్డం పడుతుంది, ముఖం నిండా సెహ్రా పూలు వేలాడుతూ ఎదుట ఏముందో కనిపించదు. అందుకని వీళ్లు గుర్రానికి కూర్చోవడం నేర్పారు. అది కాళ్లు మడిచి కూర్చుంటుంది, పెళ్లికొడుకు పరువు పోకుండా ఎక్కుతాడు.

“ఎక్కి, సెహ్రా సదురుకొని, అత్తలు మేనత్తలు దిష్టి తీసెదాంక గట్లనే కూసుంటది సార్. పక్కన ఎంత లొల్లి అయినా ఇసుమంత కదలది” అన్నాడు యాదగిరి గర్వంగా.

నా ఆనందం ఏం చెప్పను! కాస్టింగ్ గురించి పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉన్నాయి. ఏ కాలికి ఏ ముడి వెయ్యాలి, ఎటునుంచి లాగాలి అని బొమ్మలు వేసి మరీ చెప్పారు. అడిగితే కూర్చునే గుర్రం గురించి ఏ పుస్తకమూ రాయలేదు.

చెప్పిన రోజుకు బిజిలీని తీసుకొచ్చారు. వేపచెట్టు కింద కరీం భాయ్ గడ్డి మందంగా పరిపించి ఉంచాడు. మత్తు ఇచ్చే ముందు పొట్ట ఖాళీగా ఉండాలి కాబట్టి లచ్చమ్మను పోలీసువాళ్లలా ప్రశ్నించాను. దాణా పెట్టారా? లేదు. బెల్లం? లేదు. బాధ తెలియకుండా ఉంటుందని కల్లు గానీ, నల్లమందు గానీ పట్టించారా? ఈ ప్రశ్న అడక్కపోతే కొంప మునుగుతుంది. ప్రేమకొద్దీ అలా పట్టించేవాళ్లు చాలామంది, దాని మీద మా మందు పడితే ఊపిరి ఆగిపోవచ్చు.

“దాని నోట్లె నీళ్లచుక్క తప్ప ఏం పోలే. మా పోశమ్మ తల్లి మీద ఒట్టు” అంది లచ్చమ్మ.

యాదగిరి గుర్రం పక్కన నిలబడి, మెడ నిమిరి, చెవి దగ్గర నోరు పెట్టి మెత్తగా అన్నాడు. “బైఠ్ బేటీ.”

బిజిలీ ముందుకాళ్లు మడిచింది. తరవాత వెనకకాళ్లు. గజ్జెలు ఘల్లుమన్నాయి. పెళ్లికొడుకు కోసం కూర్చున్నట్టే నిటారుగా, మర్యాదగా కూర్చుంది. కరీం భాయ్ నోట ‘మాషా అల్లా’ అన్న మాట వచ్చింది. నేను సూది గుచ్చినప్పుడు చర్మం ఒక్కసారి వణికింది, అంతే. ఫ్లాస్కు ఎత్తి పట్టుకున్నాను. అందులో బుడగలు లేస్తూ మందు నెమ్మదిగా దిగింది. కాసేపటికి దాని కింది పెదవి వేలాడింది. రెప్పలు బరువెక్కాయి. మెడ మెల్లగా వాలి, పక్కనే కూర్చున్న లచ్చమ్మ ఒళ్లోకి వచ్చింది. మేం కుడిపక్కకు ఒత్తిగిలించాం. తాడు లేదు, కేక లేదు. తల్లి ఒళ్లో బిడ్డలా నిద్రపోయింది.

క్లోరల్ హైడ్రేట్ నిద్ర తెస్తుంది గానీ నొప్పిని పూర్తిగా చంపదు. అందుకని కంతి చుట్టూ నోవోకేన్ సూదులు వేశాను. అది ఆ చోటును మాత్రం మొద్దుబారుస్తుంది. కోత బాగా జరిగింది. కంతి వేర్లతో సహా ఊడివచ్చింది, నెత్తురు నరాలు కట్టేశాను, కుట్లు ముచ్చటగా కుదిరాయి. ఆ రోజు నా చేతికి ఏం పూనిందో గానీ అంత చక్కటి కుట్లు తరవాత ఎన్నడూ వెయ్యలేదు.

చేతులు కడుక్కుని, ఎదురుగా ఉన్న ఇరానీ హోటలు నుంచి అందరికీ చాయ్ తెప్పించాను. యాదగిరికి కప్పు అందిస్తూ, “ఇది చల్లారేలోపు నీ బిజిలీ లేస్తుంది చూడు” అన్నాను.

సగం మాట నిజమైంది. బిజిలీ తల ఎత్తింది. అటూ ఇటూ చూసింది. దొర్లి, కాళ్లు మడుచుకుని, రొమ్ము మీద నిటారుగా కూర్చుంది. చిన్నగా సకిలించింది కూడా. లచ్చమ్మ ముఖం విప్పారింది. ఇంకేం, ఇక లేవడమే తరవాయి అనుకున్నాం.

లేవలేదు.

చాయ్ చల్లారింది. ఇంకో చాయ్ తాగాం, అదీ అయిపోయింది. వేపచెట్టు నీడ గోడ ఎక్కింది. బిజిలీ కూర్చునే ఉంది. గడ్డి అందిస్తే తింటోంది, ఈగ వాలితే చెవి విదిలిస్తోంది, లచ్చమ్మ పిలిస్తే చూస్తోంది. లెమ్మంటే మాత్రం లేవదు.

గుర్రం అలా పడి ఉండటం ఎందుకు ప్రమాదమో చెప్పాలి. దాని బరువే దానికి శత్రువు. ఎక్కువసేపు నేల మీద ఉంటే కింద నలిగిన కండలూ నరాలూ చచ్చుబడతాయి, ఊపిరితిత్తులకు నీరు పడుతుంది. చివరికి లేద్దామన్నా లేవలేకపోతుంది. కన్ను ముట్టి చూశాను, రెప్ప వేసింది. గిట్ట పైన సూదిమొనతో పొడిచి చూశాను, కాలు చటుక్కున లాక్కుంది. ఇలా ముట్టుకోగానే ఒళ్లు తనంతట తాను స్పందించడాన్ని రిఫ్లెక్స్ అంటాం. రిఫ్లెక్సులన్నీ బంగారంలా ఉన్నాయి. మత్తు దిగిపోయింది, పక్షవాతం లేదు. పుస్తకం ప్రకారం అది లేచి ఇంటికి పోవాలి. మరి ఎందుకు లేవదు?

“లెవ్వే నా తల్లీ, లెవ్వే” అని యాదగిరి బతిమాలాడు. చప్పట్లు కొట్టాం. పగ్గం పట్టి లాగాం. ముఖం మీద నీళ్లు చల్లాం. పొట్ట కింద గోనెపట్టా దూర్చి ఇటు నలుగురు అటు నలుగురు ఎత్తబోయాం. బిజిలీ మా అవస్థంతా ఓపిగ్గా చూసింది గానీ, ఒక్క కాలు కూడా చాపలేదు.

ఈలోగా జనం పోగయ్యారు. పాతబస్తీలో గుర్రం నిలబడితే ఎవరూ చూడరు, కూర్చుంటే బజారంతా వస్తుంది. ఒకాయన దిష్టి అన్నాడు, ఒకాయన చలిగాలి అన్నాడు. మొఘల్‌పురాలో నెయ్యి దుకాణం నడిపే విఠలయ్య గారు ఆ రోజు తన దూడను చూపించడానికి వచ్చి, దూడ సంగతి మరిచిపోయి అక్కడే నిలబడిపోయారు. “డాక్టర్ సాబ్, నా మాట ఇనుండి” అన్నారు ఎంతో గంభీరంగా. “ఆడగుర్రం. అలిగింది. జెర మాఫీ అడుగుండి.” ఇంకో సమయంలో అయితే నవ్వేవాణ్ణి. అప్పుడు ఆయన్ని గేటు బయటికి పంపించాలన్నంత కోపం వచ్చింది.

లచ్చమ్మ మాత్రం కోప్పడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. గుర్రం పక్కన కూలబడి, దాని ముఖాన్ని గుండెకు ఆనించుకుని, “దాని తల్లి గూడ గిట్లనే కూసున్నది బిడ్డా” అంది. అంతకుముందు దాకా డాక్టరూ అన్న మనిషి మొదటిసారి నన్ను బిడ్డా అంది. “గిట్లనే సూసుకుంట కూసున్నది. మల్ల లేవలే.”

నాకు భయం వేసింది. దాచుకోవడం దేనికి? ఈ ప్రాణి పోతే వీళ్ల ఇల్లు కూలుతుంది. దానితోపాటు నా సూది కూడా పోతుంది. ఘోడా డాక్టరు సూదికి బిజిలీ పోయిందన్న మాట చార్మినారు చుట్టూ తిరిగి వచ్చేసరికి, ఏ గుర్రాన్నీ నా ఫ్లాస్కు దగ్గరికి ఎవరూ తీసుకురారు. మళ్లీ తాళ్లూ, నడుములు విరగడాలూ మొదలు. లోపలికి వెళ్లి పుస్తకం తిరగేశాను. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ బుర్రలోకి ఒక్కటీ దిగడం లేదు.

పొద్దు వాలుతుండగా గేటు దగ్గర మాటలు వినిపించాయి. మస్తాన్ భాయ్ తన మర్ఫా బృందంతో వచ్చాడు. మర్ఫా అంటే పాతబస్తీ పెళ్లిళ్లలో వాయించే డోళ్లు. బరాత్‌లో ముందు వాళ్లు, వెనక బిజిలీ. ఏళ్ల తరబడి కలిసి పనిచేసినవాళ్లు. ఆ సాయంత్రం నయాపూల్ అవతల ఏదో పెళ్లికి వేరే గుర్రంతో పోతూ, తమ బిజిలీకి ఆపరేషన్ అని తెలిసి చూసిపోదామని ఇటు వచ్చారు.

“అరే యాదగిరి భాయ్, క్యా హువా?”

“లేస్తలేదు మస్తాన్ భాయ్” అన్నాడు యాదగిరి.

మస్తాన్ భాయ్ డోలు దించి, బిజిలీ ఎదుట గొంతుక్కూర్చున్నాడు. దాని ముంగురులు సర్ది, నుదురు తడిమాడు. “హమారీ దుల్హన్ హై యే, మా పెండ్లిపిల్ల. లేస్తది. ఫికర్ చెయ్యకు” అన్నాడు. అన్నాడే గానీ అతని ముఖంలోనూ నమ్మకం లేదు.

పెళ్లివాళ్లు ఆగరు కదా. చలికాలం సాయంత్రం మంచుకు డోళ్ల తోలు వదులవుతుంది. వాయించబోయే ముందు మంట వేసి కాచుకోవాలి. మస్తాన్ భాయ్ మనుషులు ఆవరణ మూలకు పోయి ఇంత ఎండుగడ్డి అంటించి, డోళ్లను మంట మీద తిప్పసాగారు. తోలు బిగిసిందో లేదో ఎలా తెలుస్తుంది? కొట్టి చూడాలి. ఒకతను పుల్లతో రెండు దెబ్బలు వేశాడు.

ధన్. ధన్.

బిజిలీ చెవులు రెండూ నిక్కబొడుచుకున్నాయి.

ఇంకొకతను తన డోలు కొట్టి చూశాడు. ఇద్దరి దెబ్బలూ కలిసి, అలవాటు చొప్పున ఒక్క క్షణం బరాత్ దరువులో పడ్డాయి. అంతే. బిజిలీ ముందుకాళ్లు చాపింది, గిట్టలు నేలకు తన్నిపట్టింది, ఒక్క ఊపులో లేచి నిలబడింది! చుట్టూ మూగిన మనుషులు వెనక్కి తూలిపడ్డారు. లచ్చమ్మ ఒడి ఖాళీ అయిపోయి, ఆమె చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

యాదగిరి నుదుటి మీద ఠప్పున కొట్టుకున్నాడు.

“అరె నా తెలివి మన్నుగాను! పొద్దుగాల బైఠ్ అని చెప్పింది నేనే గద! బాజా మోగెదాంక లెవ్వద్దని నేనే నేర్పిన! అది నా మాట మీదనే కూసున్నది సార్, నా మాట మీదనే కూసున్నది!”

అప్పుడు అందరికీ వెలిగింది. పెళ్లికొడుకు ఎక్కి సర్దుకునేదాకా గుర్రం లేస్తే ప్రమాదం. అందుకని దానికి చిన్నప్పటినుంచీ ఒకటే అలవాటు. బైఠ్ అంటే కూర్చోవాలి, మర్ఫా మోగితే లేవాలి. మధ్యలో ఎవరు లాగినా, అరిచినా, బతిమాలినా లెక్కలేదు. పెళ్లిళ్లలో అది చూడని లొల్లా! ఇంట్లో మామూలుగా దాన్ని ఎవరూ కూర్చోమనరు కాబట్టి, మాటతో లేపే అవసరం వాళ్లకు ఎప్పుడూ రాలేదు. బిజిలీ మత్తులోకి పోయే ముందు ఆఖరిగా విన్న ఆజ్ఞ బైఠ్. మెలకువ రాగానే ఆ మాటకే కట్టుబడి, పెళ్లికొడుకు ఇంకా ఎక్కలేదేమిటా అని చూస్తూ కూర్చుంది.

ఆవరణంతా నవ్వులు. కరీం భాయ్ గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. విఠలయ్య గారు తన దూడను కౌగిలించుకున్నారు. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. లచ్చమ్మ లేచి వచ్చి కొడుకు వీపు మీద ఒక్కటి చరిచింది. అదే చేత్తో నా గడ్డం పుణికింది.

“నీ సూదికి దండం బిడ్డా. తాడు ఎయ్యలే, పడగొట్టలే. దీని తల్లికి నువ్వు దొరకకపోతివి” అంది. ఆ మాటకు నా కళ్లు నిండాయి.

వాయించేవాళ్లకు ఇంక పట్టపగ్గాలు లేవు. మర్ఫా అందుకున్నారు. మెడ ఎగరేసి, గజ్జెలు మోగిస్తూ, పక్కన కట్టుతోనే బిజిలీ తన పెళ్లినడక మొదలుపెట్టింది. అది నిజంగానే పెళ్లి అనుకుంది. కుట్లు, కుట్లు, ఎక్కువ నడిపించకండి అని నేను అరుస్తూనే ఉన్నాను. ఎవరు వింటారు? మస్తాన్ భాయ్ బృందం నయాపూల్ వైపు తిరిగితే అదీ వాళ్ల వెనకే తిరగబోయింది. యాదగిరి, లచ్చమ్మ చెరోపక్కా పట్టుకుని ఆపాల్సి వచ్చింది. చివరికి డోళ్ల చప్పుడు దూరమయ్యాక, మహా నిరాశగా మొఘల్‌పురా దారి పట్టింది.

కుట్లు మానాయి. మాఘంలో బిజిలీ మళ్లీ జీను వేసుకుంది. జీను పట్టీ కింద మెత్తటి గొర్రెతోలు ముక్క వెయ్యమని నేను చెప్పాను, లచ్చమ్మ దానికి జరీ అంచు కుట్టించింది. తరవాత ఆ దవాఖానకు గుర్రాలు ఎన్ని వచ్చాయంటే, ఫ్లాస్కు కడగడం కరీం భాయ్‌కి ఒప్పజెప్పక తప్పలేదు. తాళ్లు అటక ఎక్కాయి.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. మందుల గురించి నా పుస్తకం చెప్పినవన్నీ నిజమే. క్లోరల్ హైడ్రేట్ ఏ తప్పూ చెయ్యలేదు. నేను ఆ గుర్రం నోట్లోకి ఏం పోయిందో అంత గట్టిగా అడిగాను గానీ, చెవిలోకి ఏం పోయిందో అడగలేదు. మా పేషెంట్లు కూడా ఎవరో పెంచినవే, ఎవరి మాటో విని పెరిగినవే. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా, మత్తుసూది వేసే ముందు ప్రతి యజమానినీ ఒక ప్రశ్న అడిగాను. దీనికి మీరేం నేర్పారు? ఆ ప్రశ్నకు వచ్చిన జవాబులు ఎంతో ముద్దుగా ఉండేవి. సలాం చేసే కోతి, పేరు పిలిస్తే తప్ప పాలివ్వని బర్రె, నమాజు వేళ మొరగడం మానేసే కుక్క. మందు మోతాదుకు వాటితో సంబంధం లేకపోయినా, నిద్ర లేచాక వాటిని ఎలా పలకరించాలో తెలిసేది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తాను. ఆ సాయంత్రం జరిగిందంతా కళ్లారా చూసిన విఠలయ్య గారు కొన్నాళ్లకు మా ఇంటికి వచ్చారు. అమ్మ యథాప్రకారం ‘మా అబ్బాయి డాక్టరు’ అని మొదలుపెట్టింది. “తెల్సమ్మా, గుర్రాల డాక్టరు. గందుకే మా పిల్లనిస్తమని వచ్చినం” అన్నారాయన. అమ్మ జీవితంలో అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోగా నేను చూడలేదు.

మొఘల్‌పురాలో బరాత్. నాకు ఎక్కడానికి బిజిలీ తప్ప ఇంకో గుర్రం ఎలా దొరుకుతుంది? యాదగిరి దాని చెవిలో బైఠ్ అన్నాడు. కూర్చుంది. తలపాగా, పూలు, పంచె కుచ్చెళ్లు సర్దుకుంటూ ఎక్కాను. ఎక్కేటప్పుడు నా చెయ్యి దాని ఎడమపక్కకు, గొర్రెతోలు అంచు దగ్గర తగిలింది. అక్కడ వెంట్రుకలు మొలిచిపోయి, కింద నా కుట్ల గీత సన్నగా తెలిసింది. దిష్టి తీశారు. అందరూ నిలబడ్డారు. బిజిలీ లేవలేదు.

చూస్తే మస్తాన్ భాయ్ పుల్లలు చంకలో పెట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. అతని మనుషులూ అంతే.

అమ్మ కంగారు పడింది. “ఏమైందిరా? గుర్రం లేవదేం?”

“ఏమో అమ్మా. సార్ మల్ల సూది గిన ఏసిండేమో” అన్నాడు యాదగిరి, ముఖం ఏమాత్రం చెదరకుండా.

గల్లీ అంతా నవ్వు బిగబట్టుకుంది. లచ్చమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మస్తాన్ భాయ్ అప్పుడు తాపీగా నా దగ్గరికి వచ్చి, వంగి సలాం చేశాడు.

“డాక్టర్ సాబ్, మీ మరీజ్ లేస్తలేదు. దవా బోలో, ఏం మందియ్యాలె?”

నేను ముఖానికి అడ్డం పడుతున్న పూలను పక్కకు తీసి, వీధి చివరిదాకా వినపడేలా అరిచాను.

“మస్తాన్ భాయ్, బజావో!”

డోళ్లన్నీ ఒక్కసారిగా మోగాయి. బిజిలీ లేచింది. నేను వెనక్కి పడబోయి దాని జూలు పట్టుకున్నాను. నా సర్వీసు మొత్తంలో నేను చెప్పిన ఏ మందూ అంత త్వరగా పని చెయ్యలేదు.